పెరటి పార్స్లీ, మన కొత్తిమీర
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



రజతోత్సవ సభలో కూరాకును గూర్చి ప్రసంగమేమని కొందఱికి తోచవచ్చును. గ్రంథాలయమనగా కావ్యములకును, పురాణములకును, నవలలకును నిలయమని మన భావన. కాని తెలుగునాట గ్రంథాలయోద్యమమును నడపిన పెద్దలు అట్లు తలంపలేదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పినవారును, 1906లో ఈ నగరముననే విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించినవారును, శాస్త్రవిషయములు తెలుగు చదువరి గడపలోనికి రావలెననియే పాటుపడిరి. ఆ దారిలోనే నడచి, నేను శాస్త్రమును మఱికొంత లోనికి, అనగా వంటయింటివఱకు తీసికొనిపోవుచున్నాను. అంతకు మించి చేయుచున్నదేమియు లేదు.

ఈ విషయమును ఎన్నుకొనుటకు వేఱొక కారణము కూడ కలదు. కొంతకాలముగ చేతిఫోనులలో ఒక సందేశము ఊరంతయు తిరుగుచున్నది. ‘ఒక్క రూపాయితో మూత్రపిండములను శుద్ధి చేసికొనుడు’ అని దాని శీర్షిక. ఒక కట్ట ఆకును తఱిగి, నీటిలో పది నిమిషములు మరిగించి, వడగట్టి, చల్లార్చి, దినమునకొక గ్లాసు చొప్పున త్రాగవలయునట. ఆ ఆకు కొన్ని ప్రతులలో పార్స్లీ, కొన్ని ప్రతులలో కొత్తిమీర. మన పఠనమందిరమున దినపత్రికలు చదువుకొనుటకు వచ్చు పెద్దలలో పలువురు, ‘పార్స్లీ యనగా నేమి? అది మన పెరటిలో పెరుగునా? ఆ కషాయము త్రాగవచ్చునా?’ అని నన్నడిగిరి. మూడు ప్రశ్నలును మంచివే. మూడవదానికి సమాధానము తప్పిపోయినచో ప్రాణముమీదికే రావచ్చును గనుక, ఆ సంగతి కొంత నిదానించి చెప్పెదను. మొదట మొక్క నెఱుగుదము.

పార్స్లీ మధ్యధరా సముద్రతీరపు మొక్క. చూచుటకు కొత్తిమీరకు అక్కవలె నుండును. ఆకు ముదురాకుపచ్చ, కాడ గట్టి, వాసన కొత్తిమీరకంటె మందము. రెండును ఒకే కుటుంబమునకు చెందినవి. ఆ కుటుంబమువారందఱును పూవులను గొడుగువలె విప్పుదురు. ధనియాల పైరు పూతకు వచ్చినపుడు చూచినవారికి ఈ మాట వెంటనే బోధపడును. ఇక ఆ కుటుంబము ఎంత పెద్దదో తెలిసికొనవలయుననిన మన పోపులపెట్టె మూత తీసిన చాలును. జీలకర్ర ఆ కుటుంబమే. ధనియాలు, సోంపు, వాము ఆ కుటుంబమే. ఇంగువ ఆ కుటుంబపు వేరొక మొక్క వేరునుండి కారెడు పాలు. తెలంగాణములో పప్పునందు వేసికొను సోయకూరయు, క్యారెట్టు దుంపయు వీరి దాయాదులే. ఆవాలును, మెంతులును తప్ప మన పోపంతయు దాదాపుగ ఒక్క వంశమువారి చేతిలోనే యున్నది! అయితే మన యిండ్లలో కుండీలలో పెంచుకొను, మందమైన ఆకులుగల ‘వామాకు’ మాత్రము పేరుకే వాము. అది తులసి కుటుంబమునకు చెందినది. పేరునుబట్టి బంధుత్వము కలుపరాదనుటకు అదియొక నిదర్శనము.

పార్స్లీ అను పేరు గ్రీకు భాషనుండి పుట్టినది. రాతినేలలో పెరుగు సెలెరీ యని ఆ పదమునకు అర్థము. మనవారికి ఈ ఆకు పూర్తిగ క్రొత్తదని చెప్పుటకును వీలులేదు. కువైటు మొదలగు అరబ్బు దేశములలో వంటపనికిని, ఇంటిపనికిని పోయి తిరిగివచ్చిన మన తెలుగు స్త్రీపురుషులు దీనిని చక్కగ నెఱుగుదురు. అచట దీనిని బగ్దూనిసు అందురు. ఇచట పుస్తకము చూచి పార్స్లీ సంగతి తెలిసికొనుచున్న మనకంటె, అచట దినమునకు పది కట్టలు తఱిగి వచ్చిన ఆ తల్లులకే దీని సంగతి ఎక్కువ తెలియును. వారి నడిగి తెలిసికొనుట గ్రంథములు చదువుటకు తీసిపోదు.

ఈ కుటుంబములో విషపు మొక్కలును కలవు. క్రీస్తునకు పూర్వము 399వ సంవత్సరమున ఏథెన్సు నగరమువారు సోక్రటీసునకు ఇచ్చిన విషము హెమ్లాకు అను మొక్క రసము. దాని ఆకు పార్స్లీ ఆకును పోలియుండును. అది చలిదేశపు మొక్క గనుక మన పెరళ్లలో దానికి భయపడ నక్కఱలేదు. మనకు భయము వేఱొకచోట నున్నది. ఖాళీస్థలములలోను, రోడ్డుప్రక్కలను విరివిగ మొలచు వయ్యారిభామను మీరందఱు నెఱుగుదురు. కొందఱు దానినే కాంగ్రెసుగడ్డి, క్యారెట్టుగడ్డి యందురు. అది 1950-60 మధ్యకాలమున పూనా ప్రాంతమున గుర్తింపబడి, పిమ్మట దేశమంతట వ్యాపించినది. అది ఈ కుటుంబమునకు చెందినది కాదు గాని, లేతదశలో దాని ఆకు పార్స్లీ ఆకును, క్యారెట్టు ఆకును పోలి చీలికలతో నుండును. దానిని తాకిన కొందఱికి ఒడలు దద్దురులెక్కును, దాని పుప్పొడివలన ఉబ్బసము వచ్చును. పార్స్లీ విత్తిన కుండీలో గాలికి వచ్చిపడిన వయ్యారిభామ గింజ ముందుగ మొలచి, విత్తినవారి ఆదరమును పొందుట అసంభవము కాదు. దాని ఆకుపై నూగు కలదు, రంగు కొంత బూడిద కలిసిన పచ్చన. పార్స్లీ ఆకు నునుపు, మెఱుపు. ఈ తేడా గమనింపవలయును. సందేహము కలిగినచో చేతికి తొడుగు వేసికొని పెఱికివేయుడు.

ఇక మన ప్రాంతపు సంగతి. ఈ దిల్‌సుఖ్‌నగరము, కొత్తపేట, గడ్డిఅన్నారము, సరూర్‌నగరము, నాగోలు, ఎల్.బి. నగరము — ఇవన్నియు నేడు మెట్రోరైలు స్తంభముల నీడలో నున్నవి. ఆ రైలు ఎల్.బి. నగరము వఱకు వచ్చినది 2018 సెప్టెంబరులో. కాని ఈ నేల పొలము. దిల్‌సుఖ్ రాం పర్షాదు అను భూస్వామి తన సాగుభూమిని ఇండ్లస్థలములుగ విడదీసి అమ్ముటచేతనే ఈ పేరు వచ్చినదని చెప్పుదురు. నగరముచుట్టును అనాబెషాహి ద్రాక్షతోటలుండెడి కాలమును ఎఱిగిన పెద్దలు ఈ సభలో కొందఱు కలరు. తోటలు పోయి కాలనీలు వచ్చినవి. కొత్తపేటలో నుండిన గడ్డిఅన్నారపు పండ్లమార్కెట్టును సైతము 2021-22లో బాటసింగారమునకు తరలించిరి. మన ఊరు పట్టణమున కలిసిపోయినను, మన గ్రంథాలయమును మాత్రము మనమింకను గ్రామ గ్రంథాలయమనియే పిలుచుకొనుచున్నాము. ఆ పేరు నాకు ప్రియము. అయితే గ్రామమనుటకు కావలసిన మన్ను మనకు మిగిలినది ఎక్కడ? మిద్దెపైనను, వసారాలోను, కుండీలలోను.

మిద్దెపై నాలుగు కుండీలు పెట్టుట వినోదమునకు మాత్రమే కాదు. మూసీనది మనకు ఎంతో దూరమున లేదు. నగరపు మురుగునీరంతయు కలిసిన ఆ నీటితో నాగోలు, ఉప్పల్, పీర్జాదిగూడ మొదలుకొని దిగువ గ్రామముల వఱకు పశువుల మేతకై పారాగడ్డియు, వరియు, కొన్నిచోట్ల ఆకుకూరలును పండించుచుండుట దశాబ్దములుగ అందఱికి తెలిసినదే. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థవారు ఈ సాగును గూర్చి పెక్కు పరిశోధనలు చేసిరి. 2008లో ప్రకటితమైన ఒక పరిశోధనము ఈ మురుగునీటి సేద్యము చేయు కుటుంబములవారిలో కడుపులోని పురుగుల బాధ అధికమని తెలిపినది. ఇందు రైతును నిందింప వలసిన పనిలేదు. ఆతడు తనకు దొరకిన నీటితో పండించుచున్నాడు. ఆ నీటిని మురికి చేసినవారము మనము. శుద్ధికేంద్రములు అంబరుపేటలోను, నాగోలులోను కట్టిరి గాని నది యింకను తేటపడలేదు. రోడ్డుప్రక్క తోపుడుబండిపై పచ్చగ నిగనిగలాడు కట్ట ఇబ్రహీంపట్నపు బావినీటిదో, మఱి యెక్కడి నీటిదో కంటితో చూచి చెప్పుట ఎవ్వరి తరమును కాదు. రైతుబజారులు 1999 జనవరి 26న ప్రారంభమైన పిమ్మట, సరూర్‌నగరపు బజారులో పండించినవానినే ‘ఏ ఊరు నాయనా, ఏ నీరు?’ అని అడుగుటకు వీలు కలిగినది. అడుగుడు. సిగ్గుపడవలదు.

పాలకూర, తోటకూర మొదలగువానిని ఉడికింతుము గనుక కొంత భయము తీరును. కొత్తిమీరను, పుదీనాను, పార్స్లీని పచ్చిగనే తినుట మన వాడుక. వండిన కూరపై చివర చల్లుదుము, పెరుగులో కలుపుదుము, పచ్చడి నూఱుదుము. కావున ఇంటిలో పెంచుకొన దగినవానిలో మొదటివి ఈ పచ్చిగ తిను ఆకులే యని నా అభిప్రాయము. చోటు కొంచెమే ఉన్నవారు సొరపాదును, బీరపాదును వదలి దీనికే ఆ చోటు నిచ్చిన లాభము. కొన్నదైనచో వేళ్లు కోసివేసి, మూడు నాలుగు మాఱులు విస్తారమైన నీటిలో ముంచి తీసి కడుగవలయును. కుళాయిక్రింద ఒక్కసారి తడిపి తీయుట కడుగుట కాదు.

పార్స్లీ పెంచు విధము. దీనికి కావలసినది చల్లదనము. మన వేసవి దీనికి సరిపడదు. భాద్రపదము గడచి వానలు తగ్గినపిమ్మట, అనగా సెప్టెంబరు చివరనుండి నవంబరు వఱకు విత్తుట మేలు. సంక్రాంతి నాటికి కోతకు వచ్చి, ఉగాది వఱకు దండిగ ఇచ్చును. పిమ్మట నీడనిచ్చి కాపాడినచో కొంతకాలము నిలుచును గాని పూర్వపు సొంపు ఉండదు.

దీని వేరు ముల్లంగివలె సూటిగ క్రిందికి దిగును. ఈ ఒక్క సంగతి గుర్తున్న చాలును, సగము సేద్యము తెలిసినట్లే. వెడల్పైన పళ్లెమువంటి కుండీలు పనికిరావు. జానెడున్నర లోతుగల కుండీ కావలయును. ఖాళీ నూనెడబ్బాకు అడుగున నాలుగైదు రంధ్రములు చేసి వాడుకొనవచ్చును గాని, ఎండకాలమున రేకు కాలి వేళ్లు ఉడుకును. అట్టి డబ్బాకు చుట్టును తడి గోనెపట్టా కట్టవలయును. మట్టికుండీ అన్నిటికంటె ఉత్తమము. ఒక పాలు ఎఱ్ఱమన్ను, ఒక పాలు బాగుగ మాగిన పశువుల ఎరువు లేక వానపాముల ఎరువు, ఒక పాలు కొబ్బరిపొట్టో ఇసుకయో కలిపి నింపవలయును. పచ్చిపేడ వేయరాదు. పచ్చిగ తిను ఆకునకు పచ్చిపేడ వేయుట, మూసీనీటిని తప్పించుకొని వచ్చి ఆ దోషమునే వేఱుదారిన ఇంటికి తెచ్చుకొనుట యగును.

విత్తనము చిన్నది, బద్ధకస్తురాలు. మెంతులు మూడవనాటికి తల ఎత్తును. ధనియము పది దినములకు మొలచును. పార్స్లీ మాత్రము మూడు వారములు, ఒక్కొక్కపుడు నెల తీసికొనును. ఈ గింజ మొలచుటకు ముందు తొమ్మిదిమాఱులు సైతానునొద్దకు పోయివచ్చునని ఐరోపా పల్లెవాసులు పరిహాసముగ చెప్పుకొనెడివారు. దీనికి కారణము లేకపోలేదు. ఈ గింజపై మొలకను అడ్డగించు కొన్ని రసాయనద్రవ్యములు కలవు. వానిని కడిగివేయుటకై గింజలను గోరువెచ్చని నీటిలో ఒక రాత్రి నానబెట్టి, నడుమ ఒకటి రెండు మాఱులు నీరు మార్చవలయును. పిమ్మట కుండీలోనే చల్లి, ధనియపు గింజ మందమున మాత్రము మన్ను కప్పి, పైన తడిగుడ్డ పఱచవలయును. గుడ్డ ఆరనీయరాదు. మొలక కనబడిననాడు గుడ్డ తీసివేయవలయును. ఆలస్యమైనచో మొలక పాలిపోయి వంగును. నారుపోసి తీసి నాటుట దీనికి సరిపడదు. వేరు తెగినచో మొక్క అలిగి కూర్చుండును. మూడు వారములు చూచి ‘ఇది మొలవదు’ అని కుండీ కుమ్మరించు వారే ఎక్కువ. ఇంకొక వారము ఓపికపట్టుడు.

మొక్కకు మొక్కకు జానెడు ఎడము ఉండునట్లు తక్కినవి తీసివేయవలయును. తీసిన లేతమొక్కలు పారవేయనక్కఱలేదు, పెరుగుపచ్చడిలో వేసికొనవచ్చును. ఉదయపుటెండ నాలుగైదు గంటలు తగిలిన చాలును. తూర్పుముఖపు వసారా దీనికి స్వర్గము. పడమటియెండ తగులు గోడ ప్రక్కన పెట్టకుడు. మన్ను ఆరకుండ, నిలువకుండ నీరు పోయవలయును. మనకు కుళాయిలలో వచ్చు కృష్ణనీరు దీనికి సరిపోవును. బోరునీరు మిక్కిలి ఉప్పుగలదైనచో ఆకు అంచులు మాడును. ఇంటిలోని నీటిశుద్ధి యంత్రమునుండి వ్యర్థముగ పోవు నీటిని కుండీలకు పోయుట నేడు పరిపాటియైనది. అందు ఉప్పులు కూడియుండును గనుక ఆ నీటిని నేల కడుగుటకు వాడి, మొక్కలకు మంచినీరే పోయుట యుక్తము. పేనుబంక పట్టినచో లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెము సబ్బుద్రావణముతో కలిపి సాయంకాలము చల్లి, కొన్ని దినములు ఆగి, బాగుగ కడిగి కోసికొనవలయును. మిద్దెతోటలో విషపుమందులు వాడువారు బజారులో కొనుటయే సుఖము.

విత్తిన రెండున్నర, మూడు నెలలకు కోత మొదలగును. వెలుపలి కాడలను మొదలంట కోయుచు, నడిమి మువ్వను ముట్టకుండవలయును. అపుడు ఒక్క మొక్క నెలల తరబడి ఇచ్చుచునే యుండును. కొత్తిమీరకును దీనికిని గల ముఖ్యమైన భేదము ఇచటనే యున్నది. కొత్తిమీర అతిథి. నలువది దినములకు వచ్చి, తిని, పూచి వెడలిపోవును. పార్స్లీ ఇంటిమనిషి. అది రెండేండ్ల పైరు. మొదటి యేట ఆకు, రెండవయేట, బాగుగ చలి సోకినపిమ్మట, పూవు. మన హైదరాబాదు చలి దానికి చాలదు గనుక ఇచట అది పూచి గింజకట్టుట అరుదు. విత్తనము ప్రతియేటను కొనవలసినదే.

గింజలు కొనునపుడు పార్స్లీలో రెండు రకములు కనబడును. ముడుతల ఆకు రకము పళ్లెమునకు అలంకారము. సాదా ఆకు రకమునకు రుచి ఎక్కువ. వంటకు సాదాదే తీసికొనుడు.

కొత్తిమీర సంగతి మీకు తెలియనిది కాదు. అయినను ఒకమాట. మనము ధనియమని విత్తునది ఒక గింజ కాదు. రెండు బద్దలు కలిసిన కాయ. చెప్పుతోనో రోకలితోనో మెల్లగ నలిపి రెండు బద్దలుగ చేసి, ఒక రాత్రి నానబెట్టి చల్లినచో మొలక నిండుగ వచ్చును. కిరాణాకొట్టు ధనియాలు మొలవవచ్చును, మొలవకపోవచ్చును. గుంటూరు దగ్గఱి లాం పరిశోధనాకేంద్రమువారు సాధన, స్వాతి, సింధు, సుధ మొదలగు రకములను రూపొందించిరి. వానిలో పెక్కు గింజకై ఉద్దేశింపబడినవి. ఆకునకు సురుచి యను రకము మంచిది. వేసవిలో చల్లిన కొత్తిమీర నెల తిరుగకమున్నే పూతకు వచ్చుట దాని దోషము కాదు. వేడిమి తగిలిన వెంటనే గింజకట్టి వంశము నిలుపుకొనవలెనని దాని తొందర. ఎండాకాలమున కట్ట ధర ఆకాశమునంటుటకు ఇదియే మూలకారణము. సగము ఎండను ఆపు పచ్చని నీడవల కట్టి, పది దినములకొకమాఱు కొంచెము కొంచెముగ చల్లుచుండుటయే దీనికి ఉపాయము.

కొందఱికి కొత్తిమీర వాసన సబ్బువాసనవలె తోచును. వారిని చూచి మనము నవ్వుదుము. అది వారి చాదస్తము కాదు. కొత్తిమీరలోని ఆల్డిహైడులను పసిగట్టు ఒక జన్యువులోని భేదము కొంత కారణమని 2012లో పరిశోధకులు కనుగొనిరి. అట్టివారికి పార్స్లీ నిజముగ ఒక వరము. రంగును తాజాదనమును ఇచ్చును, ఆ వాసన యుండదు.

వంటలో దీని నెట్లు వాడవలయును? నా అభిప్రాయము నిర్మొగమాటముగ చెప్పెదను. చారులో పార్స్లీ వేయవలదు. చారునకు కొత్తిమీరయే ప్రాణము. దానికి బదులు ఇది వేసినచో చారు చారు కాదు, కషాయమును కాదు. గోంగూరపచ్చడిలోను, పులుసులలోను దీని గొంతు వినబడదు. ఇది రాణించునది మెత్తని రుచులలో. ఉడికిన పెసరపప్పుపై నిమ్మరసముతో కలిపి చల్లిన బాగుండును. దోసకాయ పెరుగుపచ్చడిలో బాగుండును. కోడిగ్రుడ్డు అట్టులో కొత్తిమీరకంటె ఇదియే మేలని నేను వాదింతును. పచ్చిమిరప, వేయించిన వేరుసెనగ, వెల్లుల్లి, నిమ్మరసముతో నూఱినచో ఇడ్లీకి క్రొత్త పచ్చడి యగును. లెబనాను దేశీయులు తబ్బూలే అనుదానిని చేయుదురు. నానబెట్టిన గోధుమనూకను కొంచెము తీసికొని, పార్స్లీని మాత్రము కట్టలకు కట్టలు సన్నగ తఱిగి, టమాటా, ఉల్లి, పుదీనా చేర్చి, నిమ్మరసము, నూనె కలుపుదురు. నూక ఎక్కువ, ఆకు తక్కువ వేసినచో అది ఉప్మాకు చుట్టమగును గాని తబ్బూలే కాదు. ఏకాదశినాడు ఉల్లి మాని చేసికొనవచ్చునా అని ఒక సోదరి యడిగినది. గోధుమ తినువారు చేసికొనవచ్చును. పార్స్లీకి ఏ వ్రతముతోను వైరము లేదు! పోపులో వేసి మాడ్చరాదు, పొయ్యి దించినపిమ్మటనే వేయవలయును. ఎండబెట్టినచో వాసన చాలవఱకు పోవును.

ఇపుడు ఆ కషాయపు మాట. పార్స్లీ ఆకులో మంచిగుణములు లేవని నేననుటలేదు. 100 గ్రాముల ఆకులో ‘సి’ విటమిను 130 మిల్లీగ్రాములకు పైగ కలదు. కాని 100 గ్రాముల ఆకును ఎవరు తిందురు? కూరపై చల్లునది 5 గ్రాములు, అందులో 7 మిల్లీగ్రాములకు మించదు. ఒక జామపండు తినినచో దానికి పదింతలకు పైగ వచ్చును. ఆహారముగ ఇది మంచి ఆకు. దానిని ఔషధముగ మార్చుటలోనే చిక్కు వచ్చినది.

మూత్రపిండములు ఆకురసముతో కడుగుటకు వంటపాత్రలు కావు. అవియే మన రక్తమును వడగట్టు జల్లెడలు. అవి చెడినవారికి రక్తములో పొటాషియము పెరుగును. అది మితిమీరినచో గుండె ఆగిపోవచ్చును. ఆకుకూరలలో పొటాషియము విస్తారముగ కలదు. అందుచేతనే వైద్యులు అట్టి రోగులతో, ‘కూరను విస్తారమైన నీటిలో ఉడికించి, ఆ నీరు పారబోసి తినుడు’ అని చెప్పుదురు. ఏలయన ఉడికినపుడు పొటాషియము నీటిలోనికి దిగును. ఇక ఆ సందేశము చెప్పుచున్నదేమి? ఆకు పారవేసి, ఆ నీరు త్రాగుమని! వైద్యుడు పారబోయుమన్నదానినే ఇది అమృతమని గ్లాసులో పోసి యిచ్చుచున్నది. రాళ్లవ్యాధి కలవారికిని వేఱొక ప్రమాదము. పార్స్లీలో ఆక్సలేటు గణనీయముగ కలదు. రాళ్లలో అధికభాగము కాల్షియము ఆక్సలేటు రాళ్లే. దినదినము గ్లాసులకొలది ఆ కషాయము త్రాగుట రాళ్లను కరగించుట కాదు, వానికి మేత పెట్టుట. డయాలిసిస్ చేయించుకొనుచున్నవారు ఈ కషాయమును నమ్మి ఒక్క వారము వైద్యము మానినను ప్రాణహాని కలుగవచ్చును. ఈ మాటను మీరు ఇంటికి పోయి, ఆ సందేశమును మీకు పంపినవారికి కూడ తెలుపుడు.

ఇంకొక హెచ్చరిక ఎవరును చెప్పనిది. గుండెకు కృత్రిమకవాటము అమర్చుకొన్నవారును, రక్తము గడ్డకట్టు జబ్బు కలవారును వార్ఫరిన్, అసినోకౌమరాల్ అను మాత్రలు వేసికొందురు. ఆ మాత్రల పని ‘కె’ విటమినును అణచుట. పార్స్లీలో ఆ విటమిను అసాధారణముగ ఎక్కువ. 5 గ్రాముల ఆకులో సుమారు 80 మైక్రోగ్రాములు, అనగా పెద్దలకు ఒక దినమునకు కావలసినదానికి దగ్గఱగ ఉన్నది. ఒకనాడు తబ్బూలే దండిగ తిని, పదిదినములు మానినచో మాత్ర లెక్క తప్పును. అట్టివారు ఆకుకూరలను మానవలసిన పనిలేదు, ప్రతిదినము ఇంచుమించు ఒకే పరిమాణమున తినవలయును. క్రొత్తగ పార్స్లీ మొదలిడునపుడు వైద్యునితో చెప్పి రక్తపరీక్ష చేయించుకొనవలయును. క్రొత్తగ వచ్చిన కొన్ని మాత్రలకు ఈ నియమము లేదు. మీది ఏ మాత్రయో వైద్యునడిగి తెలిసికొనుడు. గర్భిణులు కూరపై చల్లినంత ఆకు తినిన దోషములేదు గాని, దీని గింజలను, గింజనూనెను, గాఢమైన కషాయమును దగ్గఱకు రానీయరాదు. అందలి ఏపియాల్ అను ద్రవ్యము గర్భమునకు హాని చేయును.

దీనిని పండించి అమ్మిన లాభమా యని కొందఱు యువకులు అడిగిరి. పెద్ద హోటళ్లు కొనును, వీధిలో ఎవ్వరును కొనరు. కొనువాడు ముందుగ కుదిరిననే విత్తుడు, లేనిచో కొత్తిమీరయే మీకు అన్నము పెట్టును.

గ్రంథాలయపు బల్లపై చిన్న పొట్లములు రెండు రాసులుగ ఉంచితిమి. చందాదారులు ఇంటికొకటి చొప్పున రెండు రకములును తీసికొనవచ్చును. పొట్లముమీద విత్తవలసిన మాసము వ్రాసియున్నది. ధనియాలు పుచ్చుకొన్నవారు నాలుగు మొక్కలను కోయక పూతకు వదలి, గింజ ఎండినపిమ్మట ఒక గుప్పెడు తెచ్చి పుస్తకములవలెనే తిరిగి అప్పగింపవలయును. గ్రంథపాలకులు అందుకై ఒక చిట్టా తెఱచిరి. పార్స్లీ పొట్లములకు మాత్రము ఆ నియమము లేదు. అవి మన ఎండకు గింజకట్టవు గనుక వచ్చే భాద్రపదమున మరల కొని తెప్పింతుము. కావలసినవారు అప్పటికి పేరు వ్రాయించుకొనుడు.